లంగరు లేని దీవుల సరంగు

నవంబరు 9, ఆదివారం

రాజకుమారి మేడమ్ ఫోన్ చేశారు. నా బొమ్మలు తీసుకోలేదు. అలాగని వద్దనీ అనలేదు. రెండింటికీ మధ్య వేలాడదీశారు.

విశాఖపట్నంలో ఆవిడ పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తారు. నేను పంపింది లంగరు లేని దీవుల కథ. ఆ లోకంలో దీవులు నేలకు అంటుకుని ఉండవు, పడవల్లా తేలుతుంటాయి. గాలి మళ్లితే విడిపోతాయి. పొద్దున్న పక్క దీవిలో ఉన్న స్నేహితురాలు సాయంత్రానికి సముద్రం అంచున చుక్కంత అయిపోతుంది. విడిపోయిన దీవులను తాళ్లతో కట్టి, తన పడవతో లాగి, మళ్లీ ఒక దగ్గరికి చేర్చే ముసలి సరంగు ఒకడుంటాడు. కథంతా అతనిదే.

“లోకం బాగుందమ్మా జాహ్నవీ. ఆ సరంగు మాత్రం ఎవరు? ఆ మీసం, ఆ ఛాతీ, ఆ చూపు ఎన్ని అట్టల మీద చూశానో లెక్క లేదు. అతను అన్నం ఎలా తింటాడో నీకు తెలుసా? దేనికి భయపడతాడో తెలుసా?” అని అడిగారు. తెలియదన్నాను. తెలుసుకుని గీయమన్నారు. జనవరి నెలాఖరు దాకా చూస్తానన్నారు.

ఆవిడ మీద కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం నా మీదకు తిరిగింది. అబర్దీన్ బజార్‌లో ఫ్లెక్సీలు వేసే షాపులో నా ఉద్యోగం. పుట్టినరోజు పిల్లల ముఖాలు, నాయకుల ముఖాలు, పోయినవాళ్ల ముఖాలు కత్తిరించి పూల మధ్య అతికిస్తాను. ఫొటో ఎదురుగా ఉంటే నా చెయ్యి అచ్చు దించేస్తుంది. లేనిదాన్ని గీయమంటే బిగుసుకుపోతుంది. ఆ మీసం కూడా ఎక్కడిదో ఎత్తుకొచ్చిందే.

ఇది తెలుగులో రాస్తున్నాను. నాన్న సముద్రం ఇవతల, ఈ దీవిలోనే పుట్టి హిందీ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అమ్మ సోంపేట నుంచి పెళ్లయి వచ్చింది, నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. కానీ నా కోడికెలుకుడు చదవడం తన వల్ల కాదంటుంది. కాబట్టి ఇది నా ఒక్కదానికే.

నవంబరు 11

అన్నం ఎలా తింటాడు? దేనికి భయపడతాడు?

బల్ల ముందు కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఏమీ రాలేదు.

నవంబరు 14, శుక్రవారం

ముందు మీసం తీసేశాను. ఛాతీ లోపలికి తోశాను. అక్కడితో ఆగిపోయాను.

అందుకని నాన్న అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. మా నాన్న గోవిందు కూడా సరంగే. అబర్దీన్ జెట్టీ నుంచి రాస్ దీవికి, నార్త్ బేకి టూరిస్టులను తిప్పే బోటు నడుపుతాడు. ఆ బోటు వీరేంద్ర అనే ఆయనది. ఆయన కంటే ముందు వాళ్ల నాన్నగారి దగ్గర కూడా మా నాన్నే సరంగు. బాంబూఫ్లాట్‌లో మా వీధిలో మా ఇంటికి నంబరు అక్కర్లేదు, సరంగు ఇల్లు అంటే చాలు.

ఒక సరంగు ఎలా కూర్చుంటాడో, వేళ్లు ఎలా ఉంటాయో చూడటం కోసమే చూశాను. అంతకు మించి ఏం లేదు.

నాన్న పళ్లెం ముందు కూర్చోగానే కుడి చేత్తో పళ్లెం అంచు చుట్టూ ఒకసారి తడిమాడు. చేప ముక్క ఎక్కడుందో వేలితో చూసుకున్నాడు. తర్వాత తినడం మొదలుపెట్టాడు. గబగబా గీశాను. బొమ్మలో ఆ వేళ్లు చాలా బాగా వచ్చాయి. పళ్లేన్ని కూడా రేవులా తడిమి చూసుకునే మనిషి! నా సరంగు మొదటిసారి కాగితం మీద కదిలాడు.

నాన్న ఇంతకుముందు కూడా అలాగే తినేవాడా? గుర్తు రావడం లేదు.

నవంబరు 17

ఇవాళ ఇంకో బొమ్మ. పడవ పక్కన వేలాడే తాడు చూడటానికి సరంగు మెడంతా తిప్పుతాడు. కళ్లు తిప్పితే సరిపోయేదానికి భుజాలు కూడా తిప్పుతాడు, ఒడ్డున నిలబడిన కొంగలా. నేను అనుకుని గీయలేదు. చేతికి అలా వచ్చింది.

నవంబరు 18

అతను నాన్న కాదు. నాన్నకు భయాలు లేవు.

నవంబరు 23, ఆదివారం

కొత్త పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసి పంపాను. చూసిన వెంటనే మేడమ్ ఫోన్ చేశారు. “ఇప్పుడు ఊపిరి తీసుకుంటున్నాడమ్మా” అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. తర్వాత, ఆ మెడ సంగతేమిటని అడిగారు. పక్కనే ఉన్న తాడు చూడటానికి ఒళ్లంతా ఎందుకు తిప్పుతున్నాడని.

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసి, అప్పటికప్పుడు అల్లాను. ఆ లోకంలో ఉప్పు మంచు అని ఒకటుంది మేడమ్, ఎక్కువ కాలం సముద్రం మీద ఉన్నవాళ్లను పడుతుంది, ఎదురుగా రాదు, పక్కల నుంచి వస్తుంది, చూపు చివరలు మెల్లగా తినేస్తుంది, ఆఖరికి గొట్టంలోంచి చూసినంత మిగులుతుంది అన్నాను. నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో.

“అతనికి ఈ సంగతి తెలుసా?”

“తెలుసు.”

“మిగతావాళ్లకి?”

“ఎవరికీ చెప్పలేదు” అన్నాను. మేడమ్ ఇంకా ఏదో మాట్లాడుతున్నారు. వినలేదు.

నవంబరు 24

అన్నం దగ్గర నాన్న మోచెయ్యి తగిలి మంచినీళ్ల గ్లాసు పడింది. ఎడమ పక్కన పెట్టిన గ్లాసు. అమ్మ అలా అంచున పెడితే ఎవరి చెయ్యయినా తగులుతుంది.

నవంబరు 26, బుధవారం

నాన్న బోటు ఒక చిన్న చేపల డింగీని కొట్టింది.

నార్త్ బే నుంచి ఆఖరి ట్రిప్పు తిరిగి వస్తున్నారట. మాకు ఐదింటికే చీకటి పడిపోతుంది కదా, అప్పటికింకా కాస్త వెలుగు ఉందట. జెట్టీ దగ్గర ఎడమ వైపున జోగులు తన డింగీలో వలలు సర్దుకుంటున్నాడు. బోటు అంచు ఒరుసుకుని డింగీ తిరగబడింది. జోగులు నీళ్లలో పడ్డాడు. పైకి లాగారు. భుజం మీద తోలు లేచిపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. టూరిస్టులు వీడియోలు తీసుకున్నారు.

డింగీ మీద లైటు లేదని, అది ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాలేదని నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. కాళ్లు కడుక్కుంటూ మళ్లీ చెప్పాడు. టీ తాగుతూ మళ్లీ చెప్పాడు. వీరేంద్ర జోగులునే తిట్టి పంపాడట. గోవిందు చాచా నడిపితే తప్పు బోటుది కాదన్నాడట.

అంతకుముందు షాపు నుంచి వస్తుంటే జెట్టీ దగ్గర జోగులు కనిపించాడు. భుజానికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. తను అరిచానని చెప్పాడు. “మీ నాన్న నాకేసే చూశాడమ్మా. చూసి, అలాగే వచ్చేశాడు. నాతో ఏటి పగ?” అని అడిగాడు.

నవంబరు 27

లైటు లేకపోతే ఎవరికీ కనపడదు.

నవంబరు 29, శనివారం

ఇవాళ ఒక పాడు పని చేశాను.

మధ్యాహ్నం నాన్న టీవీ చూస్తున్నాడు. ఏదో కామెడీ. నేను చప్పుడు చేయకుండా ఎడమ వైపు గోడ దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. నాన్న టీవీ చూసి నవ్వుతున్నాడు. ఒక అడుగు ముందుకు వేసి ఊపాను. ఇంకాస్త ముందుకు. నా వేళ్లు దాదాపు ఆయన ముక్కుకు ఎదురుగా వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు ఉలిక్కిపడ్డాడు.

“ఎప్పుడొచ్చావు బేటా?”

ఇప్పుడే అన్నాను.

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వింటూ నిలబడ్డాను. ఉప్పు మంచు నేను కల్పించిందే. ఆదివారం నాడు ఫోన్‌లో, నా నోటితో, అప్పటికప్పుడు కల్పించాను. మరి అది మా ఇంట్లోకి ఎలా వచ్చింది? లేక ఇంట్లో ముందే ఉన్నదాన్ని నా చెయ్యి చూసిందా, నేను చూడకుండా?

డిసెంబరు 1, సోమవారం

షాపుకు సెలవు పెట్టి నాన్న బోటెక్కాను. బొమ్మల కోసం అని చెప్పాను. నాన్న మురిసిపోయాడు. స్టీరింగ్ క్యాబిన్ పక్కనే కూర్చోబెట్టాడు.

బోటు కదిలిన దగ్గర్నుంచి ఖలాసీ పైడిబాబు క్యాబిన్ ఎడమ గుమ్మం వదలలేదు. మామూలుగా ఖలాసీ తాళ్ల దగ్గర ఉంటాడు, టూరిస్టుల జాకెట్లు చూస్తాడు. పైడిబాబు కబుర్లు చెబుతున్నట్టు, ఎడమ పక్క ఏం వస్తోందో గొణుగుతూనే ఉన్నాడు. “ఉస్తాద్, బాయే డింగీ. దూరంగానే ఉంది. ఉస్తాద్, బాయే స్పీడు బోటు, మన ముందు నుంచి పోతంది.” నాన్న తల ఊపుతున్నాడు. చక్రం కొంచెం తిప్పుతున్నాడు. టూరిస్టులు అదేదో పద్ధతి అనుకుని చూస్తున్నారు. నేనూ నిరుడు వచ్చినప్పుడు అలాగే అనుకున్నాను.

రాస్ దీవి దగ్గర అందరూ దిగాక పైడిబాబును పక్కకు పిలిచి ఎన్నాళ్లుగా అని అడిగాను. ఏమిటని అడగలేదు అతను. ఒడ్డున మేస్తున్న జింకల కేసి చూస్తూ నిలబడ్డాడు. ఉస్తాదే తనకు పని నేర్పాడని, డాక్టరు దగ్గరికి పొమ్మని ఎన్నోసార్లు చెప్పానని అన్నాడు. సీజను అయ్యాక అంటాడట. సీజను అయ్యాక, వానలు అయ్యాక అంటాడట. జోగులు డింగీ తగిలిన రోజు బోటులో ఒకావిడకు వాంతులవుతుంటే పైడిబాబు వెనక్కి వెళ్లాడు. గుమ్మం దగ్గర లేడు.

“శనివారం ఓడకి నేను వైజాగ్ పోతున్నా దీదీ. చెల్లి పెళ్లి. నెల దాకా రాను. నా బదులు కొత్తవాడొస్తాడు. ఆడికేటీ తెలీదు.”

వచ్చేటప్పుడు నేను కూడా ఎడమ వైపే కూర్చున్నాను. నీళ్ల మీద కనిపించిన ప్రతిదాన్నీ మనసులోనే నాన్నకు చెబుతూ వచ్చాను.

డిసెంబరు 3

షాపులో ఉన్నా చెవులు జెట్టీ మీదే. ఏ బోటు హారన్ వినిపించినా చెయ్యి ఆగిపోతోంది. ఒక పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికొడుకు తల ఇంకొకరి ఒంటి మీద అతికించేశాను.

ఇంటికొచ్చి గీశాను. సరంగు చక్రం పట్టుకుని ఉన్నాడు, పక్కల నుంచి నల్లటి మంచు ముసురుకుంటోంది, మధ్యలో చిన్న గుండ్రటి వెలుగులో ఒక దీవి. నా జీవితంలో ఇంత బాగా గీసింది లేదు. నాన్న చూపు పోతుంటే నా బొమ్మ బాగుపడుతోంది.

డిసెంబరు 4

రేపు చెప్పేస్తాను. డాక్టరు పేరు కనుక్కున్నాను.

డిసెంబరు 5

అమ్మకు బీపీ ఎక్కువగా ఉంది. ఇవాళ వద్దు.

డిసెంబరు 6

పైడిబాబు ఓడ ఎక్కాడు. నాన్న వెళ్లి సాగనంపి వచ్చాడు. వచ్చేటప్పుడు పాన్ నములుతున్నాడు. కులాసాగా ఉన్నాడు. మరీ కులాసాగా ఉన్నాడు.

డిసెంబరు 7, ఆదివారం

చెప్పాను.

అమ్మ పక్కింటికి వెళ్లింది. నాన్న పెరట్లో నైలాన్ తాడు చివర పురి విప్పి ముడి వేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని, నాన్నా, నీకు ఎడమవైపు కనపడటం లేదు అన్నాను. ఇంతకంటే మెత్తగా చెప్పాలని వారమంతా అనుకున్నాను. ఆ మాటలేవీ రాలేదు.

వేళ్లు ఆగాయి. తల ఎత్తలేదు.

“పైడిగాడు చెప్పాడా?”

“కాదు. గీస్తుంటే తెలిసింది. నా సరంగును గీస్తుంటే.”

నవ్వాడు. కాగితం మీద బొమ్మ చూసి తండ్రికి కళ్లు పోయాయంటున్నావా అన్నాడు. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. నీకు మతి పోయిందన్నాడు, ఆ దీవులు, ఆ మంచు, ఆ గోల అంతా తెచ్చి ఇంట్లో పోస్తున్నావన్నాడు. నేను ఆయన ఎడమ పక్కన చెయ్యి ఎత్తి ఎన్ని వేళ్లని అడిగాను. మెడ తిప్పి చూడలేదు. చూస్తే ఒప్పుకున్నట్టే కదా.

డింగీ సంగతి ఎత్తాను. రేపు కొత్త ఖలాసీ వస్తాడని, ఎవరైనా చచ్చిపోతే ఏం చేస్తావని అడిగాను. పక్కింట్లో ఉన్న అమ్మకు వినపడకూడదని గొంతు తగ్గించి అడిగాను.

“ఈ చేతులకి దారి తెలుసు. కళ్లు మూసుకుని పోగలను. రేపు ఎల్తాను. నువ్వు ఎవరి దగ్గరైనా నోరు విప్పావా, నీకూ నాకూ మాటల్లేవు. బస్” అన్నాడు.

దారి తెలుసు, నిజమే. దారిలో ఉన్న మనుషుల సంగతి ఎలా తెలుస్తుంది? ఇది అప్పుడు అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నా ధైర్యమంతా ఎప్పుడూ ఇక్కడే.

డిసెంబరు 8, సోమవారం

షాపులో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న నాన్న వెనకే ఫెర్రీ ఎక్కాను. అవతలి రేవు చాతంలో దిగి ఆయన ఆటో ఎక్కితే నేను బస్సెక్కాను. జెట్టీకి చేరేసరికి బోటు నిండిపోయింది. ఏదో బడి పిల్లలు, నారింజ రంగు జాకెట్లు. కొత్త ఖలాసీ వెనకాల తాళ్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. క్యాబిన్ ఎడమ గుమ్మం ఖాళీగా ఉంది.

వెళ్లి ఆ గుమ్మంలో నిలబడ్డాను. నాన్న నన్ను చూడలేదు. అక్కడ మనిషి ఉందనే తెలియలేదు. “నాన్నా” అన్నాను. అప్పుడు తిరిగాడు.

“దిగు.”

“దిగను. నువ్వు ఇంజను వేస్తే వీళ్లందరికీ చెప్తాను.”

మాట చిన్నగా వచ్చింది. అయినా ఆయనకు వినపడింది. ఎదురుగా నీళ్ల కేసి చూస్తూ ఉండిపోయాడు. తాళం చెవి మీద చెయ్యి ఉంది. తిప్పుతాడనుకున్నాను. తిప్పితే నేను నిజంగా చెప్తానా అని నాకు అనుమానం వచ్చింది.

“ఎవరు ఏడుస్తున్నారు?” అన్నాడు.

ఒక చిన్న పాప. క్యాబిన్ కిందే, ఎడమవైపు. కడ్డీ మీద సగానికి పైగా వంగిపోయి ఉంది. టోపీ నీళ్లలో పడిపోయినట్టుంది, అందుకోవాలని చేతులు చాస్తోంది. వాళ్ల టీచరు నడుం పట్టుకుని లాగుతోంది. నాన్నకు అదంతా చెప్పాను. పాప ఉన్న చోటు చెయ్యి చాస్తే అందేంత దగ్గర. నాన్న మెడ తిప్పాడు. భుజాలు తిప్పాడు. ఒళ్లంతా తిప్పాక పాప కనిపించింది. చాలాసేపు చూశాడు.

తర్వాత తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఫోన్ తీసి వీరేంద్రకు చేశాడు.

“వీరేంద్ర భాయ్, ముఝే బాయీ తరఫ్ దిఖ్తా నహీ.”

ఎడమవైపు కనపడదని. ఆ మాట నాన్న నోట తెలుగులో రాలేదు.

డిసెంబరు 9

నాన్న నాతో మాట్లాడటం లేదు.

డిసెంబరు 12, శుక్రవారం

కంటి డాక్టరు. అమ్మ, నేను చెరో పక్కన నడిచాం. నాన్న మా ఇద్దరి చేతులూ వదిలించుకున్నాడు.

ఒక గిన్నె లాంటి మెషీన్‌లోకి తల పెట్టించారు. చుక్కలాంటి లైట్లు వెలుగుతాయి, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నాన్న నొక్కడం లేదు. నర్సు, నిద్రపోతున్నారా అంకుల్ అని అడిగింది. లేదమ్మా, లైటు వేయండి, చూస్తున్నాను అన్నాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

నీటికాసులు, గ్లాకోమా అన్నారు డాక్టరు. ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కంటికి అంచులు పోతున్నాయి. పోయింది రాదు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి జీవితాంతం చుక్కలు వేసుకోవాలి. బోటు నడపకూడదు. ఇన్నాళ్లు ఎలా నడిపారని అడిగారు. నాన్న తన చేతుల కేసి చూసుకున్నాడు.

వీరేంద్ర ఇంటికి వచ్చాడు, టికెట్ల కౌంటర్లో కూర్చోమన్నాడు. నాన్న లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు.

డిసెంబరు 19

నేను గదిలోకి వస్తే నాన్న పెరట్లోకి వెళ్తాడు. పెరట్లోకి వెళ్తే గదిలోకి వస్తాడు. చుక్కల మందు అమ్మే వేస్తోంది.

ఇవాళ బట్టలు ఆరేస్తూ అమ్మను, నీకూ తెలియదా అని అడిగాను. “నేను మాత్రం చూళ్లేదనుకున్నావేటే? ఆయన చెప్పులు ఎప్పుడూ ఒకే చోట ఎందుకు పెడతన్నాననుకున్నావు?” అంది. తర్వాత తడి చీర నా చేతుల్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది.

ముగ్గురికీ తెలుసు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం.

డిసెంబరు 27

సరంగు ముందుకు కదలడం లేదు. చక్రం వదిలిపెట్టే పేజీ దగ్గర ఆగిపోయాడు. మంచును పారదోలే మాయ పువ్వు ఒకటి గీశాను. రంగులు కూడా వేశాను. ఆ పువ్వు పట్టుకున్న సరంగు ముఖం మళ్లీ పాత ముఖమైపోయింది. మీసం ఒక్కటే తక్కువ. చింపేశాను.

ఇంకో కాగితం మీద అతన్ని దేవుణ్ణి చేశాను. అదీ చింపాను.

అబద్ధం ఆడితే అతనికి తెలిసిపోతోంది. కల్పించిన మనిషితో కూడా నిజమే చెప్పాలని ఇంతకుముందు నాకు తెలియదు.

జనవరి 4, ఆదివారం

నాన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు.

నేను రంగు గిన్నెలు కడిగి వచ్చేసరికి నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ పేజీ, నల్లటి మంచు ముసురుకున్నది. ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ జరుపుతూ ముక్కలు ముక్కలుగా చూస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

“ఈ నలుపేటి?” అని అడిగాడు. నెల రోజుల తర్వాత మొదటి మాట.

“మంచు. అతనికి పక్కల కనిపించేది.”

“తప్పు. నల్లగా ఉండదు.”

మరి ఎలా ఉంటుందని అడిగాను. అడగగానే భయమేసింది, వెళ్లిపోతాడేమోనని. పోలేదు. మంచం మీద కూర్చున్నాడు.

“నీ తల వెనక నీకేటి కనిపిస్తంది బేటా? నల్లగా కనిపిస్తందా?”

“లేదు. ఏమీ కనిపించదు.”

“అదే. అల్లాగే. నల్లగా ఉంటే మొదటి రోజే భయపడిపోయేవాణ్ణి. ఏటీ తక్కువ కనపడదు. అంతా నిండుగానే ఉంటాది.” పేజీ ఒళ్లో పెట్టుకుని మళ్లీ అన్నాడు. “ఆ రోజు జోగులు అరిచాడు, విన్నాను. తిరిగి చూశాను. జోగులు లేడు. డింగీ లేదు. నీరుంది. నీరే ఉంది.”

ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. సగం అబద్ధమే. మిగతా సగం, నిజంగా అక్కడ నీరే ఉంది.

జోగులు దగ్గరికి నిన్న వెళ్లాడట. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. నేను అడగలేదు.

జనవరి 10, శనివారం

నలుపంతా తీసేశాను. తీసేయడం అంటే పేజీలన్నీ మళ్లీ మొదటి నుంచి గీయడమే.

ఇప్పుడు ఎడమ పేజీలో సరంగు చూసే సముద్రం. ఎండ, అలలు, ఒక దీవి, నీలం ఎక్కడా తెగలేదు. చూసినవాళ్లకు ఎంత ప్రశాంతంగా ఉందో అనిపిస్తుంది. కుడి పేజీలో అదే సముద్రం, అదే ఎండ, అవే అలలు. కానీ పడవ ముక్కు కిందే ఒక చిన్న తెప్ప, దాని మీద చేతులెత్తి అరుస్తున్న మనిషి. అంతే. మంచు గీయలేదు. ఒక్క మాట రాయలేదు.

గీశాక ఆ ప్రశాంతమైన పేజీయే ఎక్కువ భయపెట్టింది. ఎదురుగా ఉన్నది దించడం నాకు వచ్చు. లేనిదాన్ని ఊహించడం ఈ మధ్యే వచ్చింది. ఉండి కూడా ఒకరికి కనపడనిదాన్ని వాళ్ల కంట్లోంచి గీయడం, ఇది వస్తుందని నేను అనుకోలేదు.

మేడమ్‌కు పంపాను. ఈసారి ఆవిడ వెంటనే ఫోన్ చేయలేదు. మధ్యాహ్నమంతా గోళ్లు కొరుక్కున్నాను. సాయంత్రం ఒక్క మెసేజ్. “ఆఖరి పేజీలు ఎప్పుడిస్తావు?”

జనవరి 14

నాన్న అడిగాడు, ఆ దీవుల్లో కుక్కలు ఉండవా అని. నేను గీయలేదన్నాను. దీవులు విడిపోతుంటే ముందు కుక్కలకే తెలుస్తుంది, అవి మొరగాలి అన్నాడు. ఒక దీవి కుక్క మొరిగితే రెండోది అందుకోవాలట. అలా మొరుగుడు విని ఏ దీవి ఎంత దూరం పోయిందో చెప్పొచ్చట. చెబుతూ చెబుతూ తనే మొరిగి చూపించాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

ఆ లోకం ఇన్నాళ్లూ నాది. ఇప్పుడు అందులో నేను కల్పించని కుక్కలు తిరుగుతున్నాయి.

జనవరి 16

అమ్మ ఇంట్లో లేదు, మధ్యాహ్నం చుక్కలు తనే వేసుకున్నానన్నాడు నాన్న. కొత్త సీసా మూతకు సీలు కూడా తీయలేదు. నేను సీలు తీసి, మంచం మీద పడుకోబెట్టి వేశాను. కన్ను ఆర్పకుండా నా కేసి చూశాడు. నేను ఎంతవరకు కనిపిస్తున్నానో అడగాలనిపించింది. అడగలేదు.

వచ్చే నెల మళ్లీ ఆ గిన్నె మెషీన్. అంచులు ఇంకా తగ్గి ఉంటే? రోజుకు ఎన్నిసార్లు ఈ ప్రశ్న వేసుకుంటున్నానో. కౌంటరు సంగతి ఇంకా తేలలేదు. వీరేంద్ర ఎన్నాళ్లు ఆగుతాడు?

జనవరి 18, ఆదివారం

ఆఖరి పేజీ తప్ప అన్నీ అయిపోయాయి. పొద్దున్నించి తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. సరంగు చక్రం ఇంకొకరికి ఇచ్చేశాడు. పడవ దిగి ఒడ్డు మీద నిలబడ్డాడు. తర్వాత?

మధ్యాహ్నం భోజనమయ్యాక నాన్న వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను ఆయన కుడి వైపుకు జరిగాను. ఏమీ గీయలేదేమని అడిగాడు. చక్రం వదిలేశాక అతను ఏం చేస్తాడో తెలియడం లేదు నాన్నా అన్నాను.

కిటికీలోంచి ఎండ వస్తోంది. నాన్న తెల్ల కాగితం మీద చెయ్యి పెట్టి, దాని అంచుల వెంట వేళ్లు నడిపాడు.

“నాకూ తెలీదు” అన్నాడు.

నేను ఏదో ఒకటి చెప్పి ఆయన్ని ఊరడించాలనుకున్నాను. ఏ మాట చూసినా చింపేసిన పువ్వులాగే ఉంది.

“ముందు కూచోబెట్టు ఆణ్ణి” అన్నాడు నాన్న. “అలిసిపోయుంటాడు.”

పెన్సిలు తీశాను. ఒడ్డు మీద ఒక రాయి గీశాను. దాని మీద అతన్ని కూర్చోబెట్టాను.